ఓడ టైము, ఒడ్డు టైము, నా టైము

రిటైరై రెండేళ్లయినా నాకు తలలు లెక్కపెట్టే జబ్బు పోలేదు. పెళ్లి భోజనాల్లో కూర్చున్నా సరే, ఈ బంతిలో ముప్ఫై రెండు, ఎదురు బంతిలో ముప్ఫై ఒకటి, ఒకాయన లేచి ఎక్కడికి పోయాడబ్బా అనుకుంటాను. తర్వాత గుర్తొస్తుంది, ఆయన ఎక్కడికి పోతే నాకేమిటని. అప్పుడు కలిగే హాయి ఇంతా అంతా కాదు. నిమ్మళంగా పాయసం తాగుతాను.

బెంగళూరులో ఒక ట్రావెల్ ఆఫీసులో ఇరవై తొమ్మిదేళ్లు టూర్ మేనేజరుగా పనిచేశాను. ముందు చాలా ఏళ్లు బస్సులు, తర్వాత కొన్నేళ్లు విమానాలు, చివర్లో ఓడలు. ఓడలంటే విహారానికి పోయే పెద్ద ఓడలు. అంతస్తుల మీద అంతస్తులు, లోపలే ఈతకొలను, నాటకశాల, రోజంతా తిండి. ఇప్పుడు మన ఊళ్లో పిల్లలు అమ్మానాన్నలకి షష్టిపూర్తి కానుకగా వీటికి టిక్కెట్లు కొనిస్తున్నారు. మీలో కొందరు నా ఉద్యోగంలోకి కొత్తగా వచ్చి ఉంటారు, కొందరు పెద్దవాళ్లని వెంటబెట్టుకుని ఓడ ఎక్కబోతూ ఉంటారు. అడిగినా అడక్కపోయినా సలహాలు చెప్పడం నాకు అలవాటు కాబట్టి ముందు ఆ పని కానివ్వండి.

రేవులో ఓడ ఎక్కేముందు పెద్ద పెట్టెలు వాళ్లకి అప్పగించేస్తాం. అవి గది చేరేసరికి సాయంత్రమవుతుంది. కాబట్టి మందులు, కళ్లజోడు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. మొదటి రోజు మధ్యాహ్నం అందరూ పైనున్న భోజనశాల మీద పడతారు. కింద బల్లల దగ్గర వడ్డించే హాలు ఒకటి ఉంటుంది, అది ఖాళీగా ఉంటుంది, అక్కడికి పొండి. తల తిరిగితే గదిలో ముడుచుకుని పడుకోవద్దు. ఓడ నడిమధ్యన గాలి తగిలేచోట కూర్చుని దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత కేసి చూడండి. గది బుక్ చేసేటప్పుడు కూడా కింది అంతస్తులో, ఓడ మధ్యలో అడగండి, ఊపు తక్కువ. పాస్‌పోర్టు ఓడవాళ్లు ఎక్కగానే తీసి పెట్టుకోవచ్చు, దాని జిరాక్సు మీ దగ్గర ఉంచుకోండి. ఏ రేవులో దిగినా ఓడ కార్డు మెడలో ఉండాలి. ఓడలో ఇచ్చిన అరటిపండు సంచిలో వేసుకుని ఒడ్డుకి దిగొద్దు, చాలా దేశాల్లో ఊరుకోరు.

ఇవన్నీ మర్చిపోయినా కొంప మునగదు. మునిగేది ఒక్క టైముతోనే. అది నేర్చుకోవడానికి నాకు ఇరవై ఆరేళ్లు పట్టింది.

నేను పనిలో చేరిన కొత్తలో నాకు పని నేర్పిన సీనియర్ ఒకాయన ఉండేవాడు. రామేశ్వరం, కన్యాకుమారి బస్సులు తిప్పీ తిప్పీ తల నెరిసిన మనిషి. బస్సు పొద్దున ఆరింటికి కదలాలంటే ఆయన జనానికి అయిదింటికి అని చెప్పేవాడు. ఆరు దాటితే అత్తిబెలె చెక్‌పోస్టు దగ్గర లారీల వరసలో ఇరుక్కుంటాం, ఇక్కడ పావుగంట తప్పితే అక్కడ రెండు గంటలు పోతాయి. "అబద్ధం చెప్తాండామా అన్నా?" అని నేను మొదట్లో అమాయకంగా అడిగాను. "అబద్ధం కాదమ్మా. మనోళ్లు గంట లేటుగా వస్తారు. మనం గంట ముందు చెప్తాము. చెల్లుకు చెల్లు" అన్నాడు.

ఆ విద్య నాకు బాగా అబ్బింది. విమానాలకీ అదే వాడాను, ఓడలకీ అదే వాడాను. నా గ్రూపులో ఎవరికీ బస్సు తప్పిపోలేదు, విమానం తప్పిపోలేదు. మెడలో విజిల్ వేసుకుని, అట్ట మీద పేర్లు పెట్టుకుని తిరుగుతూ, నాకంటే మొనగత్తె లేదనుకునేదాన్ని. ఆ గర్వం ఇంకా కొంచెం మిగిలే ఉంది, దాని సంగతే చెప్పబోతున్నాను.

ఆ ఏడాది సింగపూర్‌లో ఓడ ఎక్కి ఫుకెట్, పెనాంగ్ చూసి మళ్లీ సింగపూర్ చేరే టూరు. ముప్ఫై ఆరుమంది. నాతోపాటు ఇంకో మేనేజరు. ఈయన గుంటూరు వైపు మనిషి, నలభై ఏళ్లుంటాయి. కుందలహళ్ళిలో కంప్యూటర్ ఉద్యోగం చేసి చేసి విసుగెత్తి, జనంతో మాట్లాడే పని కావాలని మా ఆఫీసులో చేరాడు. ప్రతిదానికీ వాట్సాప్ గ్రూపు పెట్టేవాడు. భోజనం మెనూ ఫోటో తీసి పెట్టేవాడు, లిఫ్టు ఎటుందో గీత గీసి పెట్టేవాడు. నాకు నవ్వొచ్చేది. నా విజిల్ చూస్తే ఆయనకి నవ్వొచ్చేదని తర్వాత తెలిసింది.

గ్రూపులో బెంగళూరు పక్కనున్న ఆనేకల్ నుంచి ఒక జంట ఉంది. పెద్దాయన ఒకప్పుడు పట్టుచీరలు నేసిన మగ్గం మనిషి, తర్వాత సొంతంగా నాలుగు మరమగ్గాలు పెట్టి కొడుక్కి అప్పగించాడు. నా బస్సు టూర్ల నుంచీ వస్తున్న పాత కాపు. నేను అన్నా అంటాను, ఆవిణ్ణి వదినమ్మా అంటాను. వాళ్లకి తెలుగు, కన్నడం తప్ప వేరే భాష రాదు. ఆయనకి రెండు అలవాట్లు. ఒకటి ఉరుకులాట. కన్యాకుమారిలో వదినమ్మ నీళ్లలో కాలు పెట్టీ పెట్టకముందే "నడువు నడువు, బస్సు పోతాది" అని చెయ్యి పట్టి లాక్కొచ్చేవాడు. రెండోది చేతి గడియారం. పొద్దున్నే కీ ఇచ్చుకునే పాత గడియారం. ఏ ఊళ్లో దిగినా ముందు ఆ ఊరి బస్టాండు గడియారం చూసి దానితో సరిపెట్టుకుంటాడు. "యా ఊర్లో ఉంటే ఆ ఊరి గడియారమే గడియారం" అని ఆయన సిద్ధాంతం. ఫోనుంది గానీ విదేశాల్లో పనిచేసేలా రీచార్జి వేయించుకోలేదు.

ఓడ ఎక్కిన రోజునే వదినమ్మ వల్ల నాకొక పరుగు పడింది. ఆవిడకి చక్కెర జబ్బు, రాత్రి భోజనానికి ముందు సూదిమందు వేసుకోవాలి. ఆ మందు పెద్ద పెట్టెలో పెట్టి రేవులో అప్పగించేశారు. నేను ఓడంతా గాలించి ఆ పెట్టె పట్టుకునేసరికి చెమటలు పట్టాయి. మందు తీసి వాళ్ల గదిలో ఉన్న చిన్న ఫ్రిజ్జులో పెట్టించాను. ఆ ఫ్రిజ్జు సంగతి గుర్తుపెట్టుకోండి.

ఫుకెట్ చేరేముందు సాయంత్రం నేనూ, నా జోడీ మేనేజరూ కూర్చుని మర్నాటికి ఏం చెప్పాలో చూసుకున్నాం. అక్కడ ఓడ ఒడ్డుకి ఆనుకోదు. సముద్రంలో లంగరు వేసి నిలబడుతుంది, మనల్ని చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. తిరిగి వచ్చే చివరి పడవ నాలుగున్నరకి. ఈ నాలుగున్నర ఓడ టైము. ఓడ సింగపూర్‌లో బయల్దేరింది గనక దాని గడియారాలన్నీ సింగపూర్‌వే. ఫుకెట్ ఒడ్డున టైము దానికంటే గంట వెనక. ఓడలో నాలుగున్నర అయినప్పుడు ఒడ్డున మూడున్నర.

ఆయన చకచకా ఫోనులో టైపు చేసి నాకు చూపించాడు. 'చివరి పడవ ఓడ టైము ప్రకారం నాలుగున్నర. అప్పుడు ఒడ్డున మీ ఫోనులో మూడున్నర కనిపిస్తుంది. జాగ్రత్త.'

"నాలుగున్నర అని రాయొద్దప్పా" అన్నాను. "నిజం టైము తెలిసిందంటే ఇంగ అయిదుకి వస్తారు. మూడున్నరకి జెట్టీ కాడ ఉండల్ల అని పెట్టు, చాలు."

"మరి క్లాకుల సంగతండీ? ఫోన్లు ఆటోమేటిక్‌గా మారిపోతాయి కదా మేడమ్. క్లియర్‌గా రెండు టైములూ ఇచ్చేస్తే కన్ఫ్యూజన్ ఉండదండీ."

"రెండూ ఇస్తే నా గంట బయట పడిపోదా? గడియారాలు మార్చొద్దండని పొద్దున నేను నోటితోనే చెప్తాలే. నీకు మనోళ్ల సంగతి తెలీదు."

ఆయన పెద్దదాన్నని ఊరుకున్నాడు. మెసేజ్ తుడిచేసి, 'రేపు మూడున్నరకి అందరూ జెట్టీ దగ్గరికి రావాలి' అని పెట్టాడు. ఏ మూడున్నర అని ఎవరూ అడగలేదు.

పొద్దున పడవ టోకెన్ల దగ్గర పెద్ద గలాటా. ఒకావిడ టోపీ మర్చిపోయింది, ఒకాయన కార్డు మర్చిపోయాడు, అందర్నీ పడవలోకి దించేసరికి నా గొంతు పోయింది. గడియారాల మాట చెప్పడం మర్చిపోయాను. దీనికి సాకులు చెప్పను, మర్చిపోయాను, అంతే.

పడవలో ఆనేకల్ పెద్దాయన పక్కవాళ్లకి ధైర్యం చెబుతుంటే విన్నాను. "ఆయమ్మ మూడున్నర అనిందంటే నాలుగున్నర అని లెక్కప్పా. నేను పది టూర్లు చూసుండాను. ఎప్పుడూ గంట ముందే చెప్తాది. ఏం బయం లేదు, నిదానంగా తిరుక్కోండ." నాకు కోపం రావాలి. రాలేదు సరికదా, లోలోపల మురిసిపోయాను. నా లెక్క ఎంత పేరు మోసిందో చూడండి అనుకున్నాను. పడవ దిగగానే ఆయన జెట్టీ దగ్గరున్న గడియారం చూసి తన చేతి గడియారం గంట వెనక్కి తిప్పుకున్నాడు. అది కూడా నేను చూశాను. చూసి కూడా, నా బుర్రలో అది దిగలేదు.

నా గడియారం మాత్రం ఓడ టైములోనే ఉంది. దాని ప్రకారం సరిగ్గా మూడున్నరకి విజిల్ వేసుకుని జెట్టీ మీద నిలబడ్డాను. పదకొండు మంది ఉన్నారు. అంతా చేతి గడియారాలు కట్టుకున్నవాళ్లు. మూడూ నలభైకి కూడా పదకొండే. ఇరవై ఆరేళ్లలో ఇంత తక్కువ ఎప్పుడూ లేదు.

నా జోడీ మేనేజరు మొహం పాలిపోయింది. "మేడమ్, క్లాకుల సంగతి చెప్పారు కదండీ?"

నేను అడ్డంగా తలూపాను.

"వాళ్ల ఫోన్లలో ఇప్పుడు రెండూ నలభై అండీ" అన్నాడు మెల్లగా. "ఫోన్ చూసుకుని మీరు చెప్పిన మూడున్నరకి వచ్చేవాళ్లు కరెక్టుగా లాస్ట్ బోటుకి వస్తారు."

అప్పుడు దిగింది బుర్రలోకి. నా గంట ఎక్కడికో పోయింది. గంట ముందు చెప్పానని నేను నిశ్చింతగా ఉన్నాను, కానీ ఫోను గంట వెనక్కి పోయి ఆ గంటని మింగేసింది. సమయానికి వచ్చేవాళ్లు చివరి క్షణంలో వస్తారు. మరి నా మాటకి ఇంకో గంట కలుపుకునేవాళ్లు? వాళ్లు వచ్చేసరికి ఓడ ఉండదు.

ఆయన అప్పటికే ఫోనులో అందరికీ మెసేజ్ పెట్టి, ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తున్నాడు. నేను నవ్వుకున్న ఆ వాట్సాప్ గ్రూపే ఆ రోజు నన్ను కాపాడింది. జనం సంచులతో, కొబ్బరి బొండాలతో, సగం తిన్న ఐస్‌క్రీములతో పరిగెత్తుకొచ్చారు. నాలుగూ ఇరవై అయిదుకి ముప్ఫై నాలుగుమంది. ఇద్దరు లేరు. ఆ ఇద్దరూ ఎవరో మీకు చెప్పక్కర్లేదు.

ఓడ తరఫున జెట్టీ దగ్గర గుడారం వేసుకుని కార్డులు చూసే సెక్యూరిటీ ఆమె ఉంది, ఫిలిప్పీన్స్ మనిషి. ఆమెని బతిమాలాను. నాలుగున్నర పడవ నాలుగున్నరకి పోతుంది, మీరు ఎక్కుతున్నారా లేదా అని అడిగింది. మంచిగానే అడిగింది, ఆమె పని అది.

"మీరు వెళ్లండి మేడమ్, నేను ఉంటానండీ" అన్నాడు నా జోడీ.

"తప్పు నాది. నువ్వు వీళ్లతో పో. వదినమ్మ గదిలో ఫ్రిజ్జులో సూదిమందు ఉండాది, ఎవురినన్నా పట్టుకోని అది బయటికి తీయించు. మేము రాలేదంటే ఓడోళ్లు మా పాస్‌పోర్టులు ఈడ ఏజెంటుకి పంపిస్తారు, దాంతోబాటే అది కూడా ఇప్పించు. పాస్‌పోర్టు లేకున్నా ఒక పూట గడుస్తాది, మందు లేకుంటే గడవదు."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ముందే చెప్పలేదా అని అనలేదు. నేనైతే అనేదాన్ని.

పడవ పోయింది. సెక్యూరిటీ ఆమె, ఇంకో నలుగురు సిబ్బంది గుడారం విప్పడం మొదలుపెట్టారు. రెండు గుడారాలు, కుర్చీలు, నీళ్ల డ్రమ్ములు, తడి తువ్వాళ్ల బుట్టలు. ఆమె నా వైపు చూడకుండానే, ఇవన్నీ సర్ది మా పడవలోకి ఎక్కించడానికి మాకు ఇరవై నిమిషాలు పడుతుంది అంది. ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ప్రయాణికుల చివరి పడవ తర్వాత సిబ్బందిది ఇంకొకటి ఉంది. ఓడవాళ్లు కూడా ముందు టైమే చెబుతారన్నమాట! అంత కష్టంలోనూ, వీళ్లూ మావాళ్లే అనుకున్నాను. దణ్ణం పెట్టి పరిగెత్తాను.

ఎక్కడని వెతకను? మగ్గం మనిషి గదా, బట్టల కొట్ల దగ్గరే ఉంటాడనుకున్నాను. జెట్టీ ఎదురు వీధిలో అచ్చువేసిన లుంగీలు, చొక్కాలు వేలాడదీసిన కొట్లు వరసగా ఉన్నాయి. ఒక్కో కొట్లో దూరి, తెలుగులో అన్నా అన్నా అని అరుస్తూ, బయటికొచ్చి, ఇంకోదాంట్లో దూరాను. యాభై ఆరేళ్ల వయసులో ఆయాసంతో ఒకచోట స్తంభం పట్టుకుని నిలబడ్డాను. పది నిమిషాలు పోయాయి. వదినమ్మ సాయంత్రం ఏ ఆసుపత్రి బల్ల మీద, తెలియని భాషలో ఏం అడుగుతుందో కళ్లకి కట్టింది. ఇరవై ఆరేళ్లుగా ఎవర్నీ తప్పిపోనివ్వలేదని చెప్పుకున్న నా గొప్ప మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు కన్యాకుమారి గుర్తొచ్చింది. నీళ్లలో ఒక కాలు పెట్టి, రెండో కాలు పెట్టకుండానే వెనక్కి వస్తున్న వదినమ్మ. ఈసారి మొగుడికి తొందర లేదు. చేతిలో గంట ఉందని ఆయన నమ్మకం. తొందర లేని మొగుడితో ఆవిడ ఎక్కడికి పోతుంది?

సముద్రం వైపు పరిగెత్తాను. జెట్టీకి మూడు వందల అడుగులు కూడా లేదు. ఒడ్డున వేసిన రంగు రంగు గొడుగుల వరస దాటితే అవతల తడి ఇసకలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. వదినమ్మ చీర మోకాళ్లదాకా తడిసింది. అల వచ్చి కాళ్ల మీదినుంచి పోతూంటే చిన్నపిల్లలా నవ్వుతోంది. పెద్దాయన రెండు జతల చెప్పులూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏదో చెబుతున్నాడు కూడా. ఆయన అంతసేపు మాట్లాడటం నేను ఎప్పుడూ చూడలేదు.

"వదినమ్మా!" అని అరిచాను.

ఆవిడ తిరిగి చూసి, "రామ్మా రా, నువ్వూ స్వల్ప సేపు కూర్చో. నీళ్లు ఎంత బాగుండాయో చూడు" అంది.

"కూర్చునేదా! లెయ్యండి, పడవలన్నీ పోయినాయి!"

పెద్దాయన కంగారుపడలేదు. గడియారం నా మొహం ముందు పెట్టాడు. "ఇంకా మూడూ నలభైయే గదమ్మా. నువ్వు చెప్పిన మూడున్నర అంటే నాలుగున్నర గదా." తర్వాత చెయ్యి సముద్రం వైపు చాపాడు. "అదో, ఓడ ఎదురుగానే కనిపిస్తాండాది. అది యాడికి పోతాది? పోతే మనకి కనపడదా?"

నిజమే. ఓడ ఎదురుగా, తెల్లగా, చెయ్యి చాపితే అందేటట్టు నిలబడి ఉంది. జీవితమంతా బస్సు ప్రయాణాలు చేసిన మనిషి. బస్సు కంటికి కనిపిస్తున్నంతసేపూ ప్రయాణికుడికి భయం లేదు. డ్రైవరు ఎక్కి హారన్ కొడితే అప్పుడు లేచి పరిగెత్తవచ్చు. నడుమ సముద్రం ఉందన్న సంగతి ఆ లెక్కలో లేదు. నవ్వాలో ఏడవాలో తెలియక ఇద్దర్నీ చెరో చేత్తో పట్టుకుని లేపాను. చెప్పులు తొడుక్కోనివ్వలేదు.

జెట్టీ మీద గుడారాలు లేవు. కుర్చీలు లేవు. సిబ్బంది పడవ ఇంజిను మోగుతోంది. సెక్యూరిటీ ఆమె చివర్లో నిలబడి తన గడియారం చూసుకుంటోంది. మమ్మల్ని చూసి ముందుకొచ్చింది. వదినమ్మ మోచెయ్యి పట్టుకుని పడవలోకి దింపింది, తర్వాత పెద్దాయన్ని, తర్వాత నన్ను. నీళ్ల డ్రమ్ముల నడుమ, తడి తువ్వాళ్ల బుట్ట మీద కూలబడ్డాను. పడవ కదిలాక గానీ నాకు ఊపిరి పూర్తిగా రాలేదు. వచ్చాక ఏడుపొచ్చింది. ఆ ఏడుపంత సుఖమైన ఏడుపు మళ్లీ నాకు రాలేదు.

ఓడ దగ్గరకొచ్చేసరికి మా ముప్ఫై నాలుగుమందీ పై అంతస్తు కమ్మీల మీదికి వంగి చేతులూపుతున్నారు. లోపలికి ఎక్కే తలుపు దగ్గర నా జోడీ మేనేజరు నిలబడి ఉన్నాడు. చేతిలో చిన్న ఐసు డబ్బా, అందులో సూదిమందు. ఒడ్డుకి పంపడానికి సిద్ధంగా పట్టుకున్నాడు. నన్ను చూసి ఆ డబ్బా నా చేతిలో పెట్టేశాడు.

ఆ సాయంత్రం భోజనాల ముందు గ్రూపునంతా ఒక మూల కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఇరవై ఆరేళ్లుగా మీకు గంట ముందు టైము చెబుతున్నాను, ఆయన రెండు టైములూ రాస్తానంటే నేనే వద్దన్నాను, పొద్దున చెప్పాల్సింది మర్చిపోయాను, తప్పు నాది అన్నాను. మెడలో విజిల్ ఆ పూట రాయిలా బరువుగా తోచింది.

జయనగరంలో ఉండే ఒక పెద్దమనిషికి కోపం వచ్చింది. "అయితే ఇన్నేండ్లూ మాకు అబద్ధం చెప్తా వస్తిరా?"

జవాబు ఆనేకల్ పెద్దాయన చెప్పాడు. "అబద్ధం కాదప్పా. మనము లేటుగా వస్తామని ఆయమ్మ ముందు చెప్తాది. ఆయమ్మ ముందు చెప్తాదని మనము లేటుగా వస్తాము. ఎవురు మొదులుపెట్టిరో ఆ దేవునికే తెలియల్ల." అందరూ ఘొల్లుమన్నారు. జయనగరం ఆయన కూడా నవ్వాడు. నా మెడ మీది బరువు సగం దిగింది.

మర్నాడు పెనాంగ్. టైము చెప్పే పని నా జోడీకే వదిలేశాను. ఆయన రాశాడు: 'ఈ ఊళ్లో ఓడ టైము, ఒడ్డు టైము ఒకటే. అందరూ మూడు గంటలకల్లా ఓడలో ఉండాలి. ఇది నిజం టైము.' చివరి వాక్యం నేనే చెప్పి రాయించాను. అప్పట్నుంచి రిటైరయ్యేదాకా నేను ఎవరికీ దొంగ టైము చెప్పలేదు. కొందరు లేటుగా వచ్చారు, తిట్లు తిన్నారు, తర్వాత నేర్చుకున్నారు. కొత్తగా వచ్చిన మీకు నేను చెప్పేది అదే. జనానికి నిజం టైము చెప్పండి, ఎవరి గడియారం ప్రకారమో కూడా చెప్పండి. మన తెలివి ఒక గడియారం దాకానే పనిచేస్తుంది. రెండు గడియారాలుంటే చేతులెత్తేస్తుంది.

పెనాంగ్‌లో ఓడ ఒడ్డుకే ఆనుకుంటుంది, పడవల గొడవ లేదు. అయినా పాత అలవాటు కొద్దీ రెండింటికే రేవు దగ్గరికి వచ్చాను. ఓడ నీడ పడేచోట, నీళ్లకి ఎదురుగా, ఒక బెంచీ మీద ఆనేకల్ దంపతులు కూర్చుని ఉన్నారు. పెద్దాయన గడియారం చెవి దగ్గర పెట్టుకుని నడుస్తోందో లేదో వింటున్నాడు.

"ఇంత బిన్నా, మూడు కాకముందే వచ్చేస్తిరే! ఎంత సేపాయె?" అన్నాను.

"పన్నెండుకే వచ్చేస్తిమి" అంది వదినమ్మ. "ఊరు సగం కూడా చూడలేదు. ఆయప్పకి నిన్నటి బయం ఇంకా పోలేదు. మూడు దాకా ఈడ్నుంచి కదిలేదే లేదని కూర్చునేశాడు."

నాకు చాలా బాధ వేసింది. నా తప్పుకి ఆవిడ ఒక ఊరు పోగొట్టుకుంది గదా అనిపించింది. "నా వల్లనే గదా వదినమ్మా ఇదంతా" అంటూ, కాస్త కబుర్లు చెప్పి మనసు మళ్లిద్దామని ఆ బెంచీ చివర కూర్చోబోయాను.

వదినమ్మ తన చేతిసంచి తీసి ఆ ఖాళీ చోట్లో పెట్టింది.

"పెండ్లయి నలభై ఏండ్లకి నిన్న ఒక గంట, ఈ పొద్దు రెండు గంటలు నా పక్కన సుమ్మనే, తొందరేమీ లేకుండా కూర్చునుండాడు" అంది, మొగుడికి వినపడకుండా. "అవతల బెంచీ ఖాళీగా ఉండాది చూడమ్మా."

నేను పోయి అవతల బెంచీ మీద కూర్చున్నాను.